యాభై దాటాక ఎక్కాల పుస్తకం

(సంఘ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఏటా యీ వేదిక మీద చదువు గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. స్కాలర్‌షిప్పులు పంచే ముందు ఆ మాట ఒకటి ఉండాలి గదా! మాట్లాడేవారు పెద్ద ఉద్యోగస్తులో లెక్చరర్లో అయి ఉంటారు, వినేవారు పిల్లలు. ఈసారి కార్యవర్గం వారు మమ్మల్ని పిలిచి, "మీరు చేస్తున్నదేమిటో మీరే చెప్పండి" అన్నారు. మేము ఐదుగురం. ఒకరు మోటారు వైండింగు మెకానిక్. ఒకరు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవారు. ఒకరు లారీ డ్రైవరు. ఒకరిది కిరాణా కొట్టు. ఐదోవారు కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొచ్చిన ఆపా. మాలో పదో తరగతి దాటినది కండక్టరు గారొక్కరే. అందరిలోకి చిన్నవారికి నలభై ఏడు, పెద్దవారికి అరవై రెండు. ఇటువంటి మేము మూడేళ్ల నుంచి రాత్రి భోజనాలయ్యాక కొట్టు వసారాలో కూర్చుని లెక్కలు, సైన్సు చదువుకుంటున్నాం. చెప్పవలసినది ఇంతే. కానీ ఇది ఎలా మొదలైందో, ఎన్నిసార్లు ఆగిందో చెప్పకపోతే మీకు ఉపయోగం లేదు గనుక కొంచెం విస్తరించి చెబుతాం.

మొదట్లో మేము చేసింది తెలివితక్కువ పని. చదువంటూ మొదలుపెడితే పెద్దదే పెట్టాలి అనుకున్నాం. పక్కింటి కుర్రాడి ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకం అరువు తెచ్చి మొదటి పేజీ తెరిచాం. మూడు వారాలు కుస్తీ పట్టాం. ప్రతి వాక్యంలోనూ అక్షరాలు తెలుగువే, అర్థం మాత్రం ఏ దేశానిదో! ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలాడించేవాళ్లం. అర్థం కాలేదని ఎవరూ అనలేదు. నాలుగో వారం ఒకరికి జ్వరం, ఒకరికి లోడు, ఒకరికి చుట్టాలు. వసారాలో బల్ల ఖాళీ.

ఆ తరువాత ఫోనులో వీడియోలు చూశాం. వీడియోల మీద మాకు ద్వేషం లేదు, చక్కగా చెప్పేవారున్నారు. అయితే ఒక మోసం ఉంది. చూస్తున్నంతసేపూ అంతా తెలిసిపోయినట్టే ఉంటుంది. ఫోను పక్కన పెట్టి అదే లెక్క కాగితం మీద చేయబోతే మొదటి గీత దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. పెళ్లిలో వంటవాణ్ణి చూసినంత మాత్రాన మనకి బిరియానీ రాదు గదా!

మళ్లీ కూర్చోబెట్టింది ఆపా మనవరాలు. ఆరో తరగతి పిల్ల. ఒక సాయంత్రం వచ్చి, "నానీ, వన్ బై టూ ప్లస్ వన్ బై త్రీ ఎంత?" అంది. అక్కడే ఉన్న మా మెకానిక్ గారు, "రెండు బై అయిదు, అదేటి లెక్క!" అనేశారు. పైవి కలిపారు, కిందివి కలిపారు. పిల్ల రాసుకోబోయింది. కండక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవే తల్లీ, అర ఉంది. దానికి ఇంకొంచెం కలిపాం. రెండు బై అయిదు అంటే అరకంటే తక్కువ. కలిపితే తగ్గిందేటి?" అన్నారు. ముప్పై ఏళ్లు సంచీలో చిల్లర లెక్క చూసుకున్న మనిషి గాబట్టి తేడా పట్టేశారు. కానీ సరైన జవాబు ఎలా రాబట్టాలో ఆయనకీ గుర్తు రాలేదు. ఆ రాత్రి మాకెవరికీ సరిగా నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఇంటర్మీడియట్ పుస్తకం ఎందుకు అర్థం కాలేదో అప్పుడు తెలిసింది. లోటు ఇంటర్మీడియట్‌లో లేదు, ఆరో తరగతిలో ఉంది.

మర్నాడు ఒక పని చేశాం. చదువు ఏ తరగతిలో ఆగిందన్నది అందరికీ తెలుసు. తెలియడం ఎక్కడ ఆగిందో ఎవరి కాగితం మీద వారు రాయాలి, అబద్ధం రాయకూడదు అనుకున్నాం. మెకానిక్ గారు 'భిన్నాలు' అని రాశారు. పదో తరగతిలో లెక్కలు తప్పారాయన. అంటే నాలుగేళ్ల పాటు తెలియనిదాని మీద తెలియనిది పేర్చుకుంటూ వెళ్లారన్నమాట. డ్రైవరు గారు 'భాగహారం' అని రాశారు. కండక్టరు గారు 'బీజగణితం, ఎక్స్ దగ్గర' అని, కొట్టు ఆయన 'మైనస్సులు' అని రాశారు. ఆపా కాగితం మాత్రం ఖాళీగా ఉంది. ఏమీ తెలియక రాయలేదేమో అనుకున్నాం. "నాకు ఏడో తరగతి దాకా అన్నీ తెలిసేవి. ఆ పైన హైస్కూలు దూరమని పంపలేదు, అంతే" అంది. అందరం కాసేపు మాట్లాడలేదు. మగవాళ్లం నలుగురం బడి ఉండి పోగొట్టుకున్నవాళ్లం, ఆమెకి బడే లేకుండా పోయింది. యీ సభలో ఆడపిల్లల తండ్రులు చాలామంది ఉన్నారు గనుక యీ సంగతి దాటవేయకుండా చెబుతున్నాం.

ఆ కాగితాల ప్రకారం ప్రభుత్వ బడి పుస్తకాలు తెచ్చుకున్నాం. నాలుగో తరగతి నుంచి మొదలు. ఎక్కాలు కూడా మళ్లీ వల్లె వేశాం. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండటం మాకు పెద్ద సాయమైంది. మా పిల్లలు 'డినామినేటర్' అంటారు, మేము చదివింది 'హారం'. ఉర్దూలో చదువుకున్న పెద్దాయన ఒకరు ఓ రాత్రి వచ్చి కూర్చుని, "మేం నసబ్‌నుమా అనేవాళ్లం" అన్నారు. గీత కింద ఉన్న అంకె ఒకటే, దానికి మన ఇంట్లోనే మూడు పేర్లు! పిల్లలకి చెప్పలేకపోతున్నామని బాధపడే తల్లిదండ్రులు చాలామందికి లెక్క తెలియక కాదు, పేరు తెలియక.

భిన్నాలు వచ్చిన కథ చెప్పాలి. పుస్తకంలో రొట్టె బొమ్మ గీసి ఆరు ముక్కలు చేస్తారు. అది మాకు ఎక్కలేదు. ఎక్కినది వారసత్వపు వాటాలతో. మాలో ఒకరి బంధువుల ఇంట్లో అప్పుడే ఒక పంపకం జరిగింది. తండ్రి పోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. 32 సెంట్ల జాగా. భార్యకి ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుకుకి రెండు భాగాలు, కూతుళ్లకి చెరో భాగం. ఎవరికెంత? కాగితాలు నింపాం. 1/8 తీసేస్తే 7/8 మిగులుతుంది. దాన్ని నాలుగు భాగాలు చేయాలి. ఒక్కో భాగం 7/32. కొడుకుకి రెండు భాగాలంటే 14/32, దాన్నే 7/16 అనవచ్చు. ఇక్కడికి వచ్చేసరికి గంట పట్టింది.

గుమ్మం పక్కన మంచం మీద ఎనభై దాటిన దాదీమా పడుకుని వింటోంది. అక్షరం ముక్క రాదు. "ఏట్రా గొడవ?" అని అడిగింది. చెప్పాం. పైకప్పు కేసి చూసి, వేళ్లు మడిచి, "పదహారణాల్లో తల్లికి బేడ. కొడుక్కి ఏడణాలు. ఆడపిల్లలకి మూడున్నర, మూడున్నర. సరిపోనాది" అంది. లెక్క చూసుకోండి: రెండు, ఏడు, మూడున్నర, మూడున్నర, మొత్తం పదహారు! జాగాలో చూస్తే తల్లికి 4 సెంట్లు, కొడుకుకి 14, కూతుళ్లకి ఏడేసి. మా గంటసేపటి లెక్కా ఆమె వేలి లెక్కా ఒక్కటే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి, రూపాయికి వంద అయ్యాక ఆ పదహారుతో నడిచే లెక్క మెల్లగా మాయమైపోయింది. వంద మంచిదే. కానీ పదహారుని సగం, సగం, సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోయినా మిగులు లేకుండా ఒకటి దగ్గరకి వస్తుంది. అందుకే అర, పావు, బేడ, అణా అన్న మాటలు తెలిసినవారికి భిన్నాలు నోట్లోనే ఉండేవి. ఆమె చదువు రానిదని మేమంతా అనుకునేవాళ్లం.

ఇదే వాటాల లెక్క ఎంత పాతదో తరువాత తెలిసింది. సుమారు క్రీ.శ. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే ఆయన ఒక గ్రంథం రాశాడు. దాని పేరులో ఉన్న 'అల్ జబ్ర్' అన్న మాట నుంచే 'ఆల్జీబ్రా' వచ్చింది. మా కండక్టరు గారిని పదో తరగతిలో భయపెట్టిన ఎక్స్ పుట్టుక అక్కడే అనుకోండి. ఆ గ్రంథంలో చాలా భాగం పండితుల వినోదం కోసం కాదు. ఆస్తి పంపకాలు, వీలునామాలు, వ్యాపారం, భూమి కొలతలు, ఇటువంటి రోజువారీ చిక్కులు విప్పడానికే. జబ్ర్ అంటే తిరిగి సరిచేయడం, విరిగిన ఎముక కూర్చడానికి కూడా అదే మాట. సమీకరణంలో ఒక పక్క ఐదు తక్కువైతే ఆ ఐదు కలిపి పూరిస్తాం, రెండో పక్క కూడా ఐదు కలుపుతాం. దీన్నే మన పుస్తకాల్లో పక్షాంతరం అంటారు. 'అటు మైనస్, ఇటు ప్లస్' అని బట్టీ పెట్టించారు గాని, రెండు పక్కలా ఒకటే కలుపుతున్నామని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉండవచ్చు కూడా, మేమే ఆ రోజు చేపలకంచేరు వైపు షికారు పోయి ఉంటాం.

మైనస్సుల సంగతి కొట్టు ఆయన గల్లాపెట్టెతో తేలింది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఆయన చిన్నప్పుడు అడిగితే, "నీకెందుకురా, రాసుకో" అన్నారట. ఎవరన్నారో, ఏ బడో ఇప్పుడు అనవసరం. ఆ తరువాత ఆయన ఏ ప్రశ్నా అడగలేదు. మా వసారాలో ఇలా చూశాం. పెట్టెలోంచి నెలకి 500 రూపాయలు తగ్గుతోంది. అంటే నెలకి మైనస్ 500. ఇంకో మూడు నెలలకి ఇప్పటికంటే 1500 తక్కువ ఉంటుంది. బాగానే ఉంది. మరి మూడు నెలల కిందట? వెనక్కి పోవడం అంటే మైనస్ మూడు. అప్పుడు పెట్టెలో ఇప్పటికంటే 1500 ఎక్కువ ఉంది. మైనస్ 500 ఇంటూ మైనస్ 3, ప్లస్ 1500! ఆయన గల్లాపెట్టె మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. నలభై ఏళ్ల కిందట అడిగిన ప్రశ్నకి జవాబు ఆయన సొంత పెట్టెలోనే ఉంది.

అన్నిటికంటే పెద్ద పండుగ మెకానిక్ గారిది. అది కాస్త వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి. త్రీ ఫేజ్ కరెంటు తెలిసినవారికి రెండు అంకెలు తెలుసు. ఒక ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 240 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 415. ముప్పై ఏళ్లుగా ఆయన మీటరు పెట్టి చూస్తూనే ఉన్నారు. రెండు ఫేజులు 240 చొప్పున ఉంటే మధ్యన 480 ఉండాలి, లేదా సున్నా ఉండాలి. యీ 415 ఎక్కడిది? "అది అంతే, కంపెనీ రూలు" అనుకునేవారట. త్రికోణమితి పాఠం దగ్గరకి వచ్చినప్పుడు ఆపా బల్ల మీద సుద్దతో ఒక బొమ్మ గీసింది. మధ్యన చుక్క న్యూట్రలు. దాన్నుంచి మూడు వైపులకి మూడు గీతలు, ఒక్కోటి 240. మూడూ సమానంగా విడిపోయి ఉంటాయి గనుక మధ్య కోణం 120 డిగ్రీలు. ఇప్పుడు రెండు కొసలు కలిపితే ముక్కోణం వచ్చింది. ఆ కొస నుంచి యీ కొసకి ఎంత? ముక్కోణాన్ని నడిమికి చీలిస్తే సగం కోణం 60 డిగ్రీలు. సైన్ 60 అంటే 0.866. దాన్ని 240తో గుణిస్తే సుమారు 208. అది సగమే గనుక రెట్టింపు చేస్తే 415 చిల్లర!

ఆయన కాగితం కేసి చూశారు. మళ్లీ వేసుకున్నారు. లేచి వెళ్లి షాపులోంచి మీటరు తెచ్చి వసారా బోర్డు మీద పెట్టబోయారు. అక్కడ ఉన్నది సింగిల్ ఫేజే అని గుర్తొచ్చి నవ్వారు. "ముప్పై ఏళ్ల నుంచి యీ ముక్కోణాన్ని చేత్తో ముట్టుకుంటున్నాను గదా, కనపడనే లేదు" అన్నారు. కళ్లు తుడుచుకున్నారా అంటే, చెమట అన్నారు. మర్నాడు షాపులో పని నేర్చుకునే కుర్రాడికి అదే బొమ్మ గీసి చూపించారట. ఆ కుర్రాడు, "భాయ్, ముందు బిల్లు రాయండి" అన్నాడట. పోనిద్దురూ, వాడికీ ఒక రోజు వస్తుంది.

సైన్సులో కూడా పుస్తకం ముందు పెట్టుకుని ఊరుకోలేదు. లోలకం పాఠం వచ్చినప్పుడు పందెం వేసుకున్నాం. బరువైన రాయి తొందరగా ఊగుతుందని డ్రైవరు గారు, తేలికది అని ఇంకొకరు. కొట్లో తూకపు రాళ్లు ఉండనే ఉన్నాయి. మీటరు దారానికి కిలో రాయి కట్టి, ఇరవై ఊపులు ఫోనులో టైము చూశాం. సుమారు నలభై సెకన్లు. 200 గ్రాముల రాయి కట్టాం, రాయి నడిమి నుంచి దారం పొడవు అదే ఉండేటట్టు. మళ్లీ నలభై! ఇద్దరూ ఓడిపోయారు. దారం పొడవు నాలుగో వంతుకి, అంటే 25 సెంటీమీటర్లకి తగ్గిస్తే టైము సగమైంది, నాలుగో వంతు కాలేదు. అక్కడ వర్గమూలం అన్న మాటకి మొదటిసారి ప్రాణం వచ్చింది. ఖర్చు ఏమీ లేదు, టీలకి తప్ప.

ఇక బయటివారి మాట. కొట్టు ఆయన మొదట్లో గిరాకీ వస్తే లెక్కల పుస్తకం ఖాతా పుస్తకం కింద దాచేవారు. ఒకాయన చూసేసి, "ఈ వయసులో ఏటి బాబూ సదువు, కలెక్టరైపోతావేటి?" అన్నాడు. నవ్వుకి నవ్వే గాని, నాలుగు రోజులు పుస్తకం తీయలేదు ఆయన. పెద్దవాళ్ల చదువుకి జ్ఞాపకశక్తి లేకపోవడం అడ్డమని అందరూ అంటారు. మా అనుభవంలో అది చిన్న అడ్డమే, నాలుగుసార్లు రాస్తే పోతుంది. పెద్ద అడ్డం సిగ్గు. యాభై ఏళ్ల మనిషి నాలుగో తరగతి పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి పడే సిగ్గు. ఐదుగురం ఉండటం వల్ల అది ఐదు వాటాలైంది.

ఇటువంటి సభల్లో లెక్కల మాట వస్తే రామానుజన్ గారి పేరు చెప్పడం ఆచారం. ఆయన పుట్టినరోజు డిసెంబరు 22నే గణిత దినోత్సవం చేస్తున్నారు కూడా. మహానుభావుడు, కాదనం. కానీ కార్ అనే ఆయన రాసిన పుస్తకం ఒకటి పట్టుకుని కుర్రతనంలోనే కొత్త గణితం పుట్టించిన మనిషిని చూపించి, కొట్టు కట్టేసి వచ్చినవాణ్ణి "నువ్వూ చదువు" అంటే, వాడు మరింత వెనక్కి పోతాడు. మాకు ధైర్యం ఇచ్చిన పేరు వేరు. అది మనకి దగ్గరది కూడా.

ఇక్కణ్ణుంచి బస్సెక్కితే విశాఖపట్నం ఎంతసేపు? అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగం ఉంది. దాన్ని నెలకొల్పినవారు స్వామి జ్ఞానానంద గారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టారు, అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నరసాపురం టైలర్ హైస్కూల్లో చదివారు. తరువాత ఇల్లు విడిచి సన్యాసం తీసుకుని హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. ముప్పై దాటాక జర్మనీ వెళ్లినది యోగం గురించి చెప్పడానికి. అక్కడ ఉండగా సాపేక్ష సిద్ధాంతం మీదకి మనసు పోయింది. డ్రెస్డెన్‌లో గణితం, భౌతిక శాస్త్రం చదవడానికి కూర్చున్నారు. తన కంటే చిన్నవాళ్ల మధ్యన, వేరే భాషలో! తరువాత ప్రేగ్ వెళ్లి ఎక్స్‌రే కిరణాల మీద పరిశోధన చేసి, 1936లో డాక్టరేటు తీసుకునేసరికి ఆయనకి నలభై. అక్కడితో ఆగలేదు. న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ గారి దగ్గర లివర్‌పూల్‌లో పని చేశారు. దేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉండి, 1954లో విశాఖపట్నం చేరారు. అప్పటికి యాభై ఏడు. యీ లోకంలో ఉద్యోగస్తులు పింఛను కాగితాలు సర్దుకునే వయసులో ఆయన కొత్త శాస్త్రానికి కొత్త విభాగం మొదలుపెట్టారు. 1969లో పోయారు. ఆయన చదువు మొదట్లో అందరిలాంటిదే, మధ్యలో పూర్తిగా ఆగిపోయింది. ఆగినది మళ్లీ మొదలైంది. ఆ ఒక్క సంగతి మాకు చాలు. ఆయనంత వాళ్లం అవుతామని కాదు, మాలో ఎవరికీ ఆ పిచ్చి లేదు.

సరే, దీనివల్ల లాభమేమిటని అడుగుతారు. అడగాలి కూడా. మన భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. భూములు పోయినవారు యీ సభలో ఉన్నారు. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: మన పిల్లలకి అందులో పని దొరుకుతుందా? కరెంటు పనికో, మెషీన్ల పనికో, ఏ కాగితం మీదైనా మొదట అడిగేది పదో తరగతి పాసయ్యావా అనే. లెక్కలు తప్పి చదువు ఆపేసిన కుర్రాళ్లు మన వీధుల్లో ఎంతమందో మీకే తెలుసు. వాళ్లకి నీతులు చెబితే వినరు. మేము వసారాలో కూర్చుని తప్పులు చేస్తుంటే మాత్రం ఇద్దరు ముగ్గురు వచ్చి గోడకి ఆనుకుని చూడటం మొదలుపెట్టారు. "అది అలక్కాదు చాచా" అని ఒకడు పెన్సిలు లాక్కున్నాడు. ఇప్పుడు వాడు రోజూ వస్తున్నాడు. విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో దిగుతుందని చదివి, రన్‌వేకి పది కిలోమీటర్ల అవతల అది ఎంత ఎత్తులో ఉండాలో వాడే లెక్క వేశాడు. టాన్ 3 అంటే 0.0524, పది వేల మీటర్లకి 524 మీటర్లు. లెక్కల్లో తప్పిపోయినవాడన్న పేరు వాడిదే.

పరీక్ష సంగతి కూడా దాచకుండా చెబుతాం. చదువు మధ్యలో ఆగినవారి కోసం మన రాష్ట్రంలో 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, 1991లో ఓపెన్ స్కూలు వచ్చింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి, పైకి ఎంతైనా ఉండవచ్చు. యీ 'ఎంతైనా' అన్న మాట చాలామందికి తెలియదు గనుక గట్టిగా చెబుతున్నాం. మాలో ముగ్గురు కట్టారు. డ్రైవరు గారు, "నాకు పరీక్షలొద్దు, తెలిస్తే చాలు" అన్నారు. అదీ సబబే. పరీక్ష హాలులో ఇన్విజిలేటరు మెకానిక్ గారిని చూసి, "పిల్లల్ని దింపడానికి వచ్చారా, బయట ఉండండి" అన్నారట. హాలు టికెట్టు చూపించాక ఆయనే కుర్చీ సరిచేసి కూర్చోబెట్టారట.

లెక్కల్లో ఆపాకి 58 వచ్చాయి. మెకానిక్ గారికి 44. మూడోవారికి 31, అంటే నాలుగు తక్కువ. ఆ మూడోవారే కొట్టు ఆయన, ఇప్పుడు మీ ముందు నిలబడి యీ కాగితం చదువుతున్నది. ఫలితాలు వచ్చిన రోజు కొట్టు తెరవలేదు. మర్నాడు సాయంత్రం మిగతా నలుగురూ వచ్చి, ఏమీ అనకుండా బల్ల వసారాలోకి లాగి కూర్చున్నారు. ఆపా జవాబులన్నీ గుర్తున్నంతవరకు రాయించింది. పోయినవి ఎక్కడంటే, సగం మార్కులు కోణాల్లో, మిగతావి తొందరలో. మైనస్సుల్లో ఒక్కటి కూడా పోలేదు. మళ్లీ ఫీజు కట్టాం.

వసారా సంఘం ఆఫీసుకి నాలుగిళ్ల అవతల. శుక్రవారం తప్ప రోజూ రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింబావు వరకు. వచ్చేవారు పుస్తకం తెచ్చుకోనక్కర లేదు గాని పెన్సిలు తెచ్చుకోవాలి, పెన్సిళ్ల దగ్గర మాకు తగాదాలు వస్తున్నాయి. ఆడవారికి లోపలి గదిలో ఆపా చెబుతుంది, అక్కడ ఇప్పటికి ఆరుగురు ఉన్నారు, అంటే మాకంటే ఒకరు ఎక్కువే. ఒక నల్లబల్ల, మంచి దీపం ఒకటి కావాలని కార్యవర్గానికి అర్జీ పెట్టుకున్నాం, పెద్దలు దయతో చూడాలి.  దాదీమా ముందు వరసలోనే కూర్చుంది, వాటాల లెక్కలో అనుమానం ఉన్నవారు సభ అయ్యాక ఆమెను అడగవచ్చు.